ఖాళీగా వదలాల్సిన రోజులు

మా అక్కకు ఏదో జబ్బు చేసిందని మొదట కనిపెట్టింది ఆమెతో నాట్లకు పోయే ఆడవాళ్ళు. బీర్కూర్ అవతల వాళ్ళ ఊరు. నిజాంసాగర్ కాలువ కింద బావకు కొద్దిగా పొలం ఉంది. ఆ పొలం నాటు అయిపోగానే అక్క పదిమంది ఆడవాళ్ళను వెంటేసుకొని ఊళ్ళో మిగతావాళ్ళ మడుల్లోకి దిగేది. వరుసలో అందరికంటే ముందుండేది. ఆ వానాకాలం మాత్రం వెనకబడింది. వంగిన నడుము ఎత్తాలంటే రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టుకొని లేస్తోందట. గట్టు ఎక్కడానికి పక్కామె చెయ్యి అందించాల్సి వచ్చిందట. నెత్తి దువ్వుకోవడానికి కూడా చేతులు లేవడం లేదని, ఎవరో ఒకరు జడ వేసి పంపుతున్నారని ఆ గుంపులో ఒకామె బాన్సువాడ బజారులో కనిపించి నాకు చెప్పింది. పని ఎక్కువైందేమో అని నవ్వేశాను. అక్కకు అప్పటికి నలభై రెండు.

నేను బాన్సువాడలో కిరాయి ఇంట్లో ఉంటాను. ఊరి బయట ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర కంప్యూటర్ ముందు కూర్చోవడం నా పని. ధాన్యం బండి కాంటా ఎక్కుతుంది, తెర మీద బరువు నిలుస్తుంది, నేను చీటీ తీసి ఇస్తాను. ఈ పనికి నన్ను తయారు చేసింది అక్కే. నేను ఇంటర్ తప్పి, ముఖం చెల్లక ఇంట్లో పడుకున్న రోజుల్లో, కాళ్ళకు మడి బురద ఆరకముందే బస్సెక్కి బాన్సువాడ వచ్చి, కంప్యూటర్ నేర్పే చోటు అడుగుతూ అడుగుతూ వెతికి, నా పేరు రాయించి పోయింది. మా అమ్మ అప్పటికే లేదు. ఆ కంప్యూటర్ ఏమిటో అక్కకు ఇప్పటికీ సరిగా తెలియదు. తమ్ముడు నీడపట్టున కూర్చుని పని చేసుకుంటాడని మాత్రం తెలుసు.

ఊళ్ళో సూదులు వేసే ఆయన బలానికని సూదులు వేశాడు. తర్వాత చూపించిన చోట ఎముకలు అరిగాయన్నారు. దసరా నాటికి అక్క కింద కూర్చుంటే లేవలేని స్థితికి వచ్చింది. కనురెప్పలు కమిలినట్టు వంకాయ రంగుకు తిరిగాయి. వేళ్ళ కణుపుల మీద ఎర్రని మచ్చలు లేచాయి. అప్పుడు గానీ నాకు భయం వేయలేదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ ఆ వేళ్ళు చూసింది, చేతులు పైకెత్తమంది, రక్తం పరీక్షకు పంపింది, తొడలోంచి చిన్న ముక్క తీయించి దాన్నీ పరీక్షకు పంపింది. చివరికి పేరు చెప్పింది. మయోసైటిస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురు తిరిగి కండరాలను వాచిపోయేట్టు చేస్తుందని, భుజాలూ తొడలూ ముందు బలం కోల్పోతాయని, ఒక్కోసారి అది గొంతు దాకా పోయి మింగడం కష్టమవుతుందని వివరించింది. మందులతో అణుగుతుంది. అణిగిందనుకున్నప్పుడు మళ్ళీ లేస్తుంది. ఆ లేవడాన్ని మొదటి నాలుగు రోజుల్లోనే పట్టుకుంటే కొన్ని మాత్రలతో పోతుంది, ఆలస్యమైతే మంచం పట్టిస్తుంది.

ఎలా పట్టుకోవాలని అడిగాను. ఆమె నా ఫోన్ అడిగి తీసుకుంది. అందులో ఒక యాప్ ఎక్కించి ఇచ్చింది. రోజూ పొద్దున ఏడింటికి అది మోగుతుంది. ఐదు ప్రశ్నలు వస్తాయి. తల దువ్వుకోగలుగుతున్నారా, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేస్తున్నారా, మెట్లు ఎక్కుతున్నారా, మింగడం ఎలా ఉంది, అలసట ఎంత ఉంది. ప్రతి దానికీ సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె నొక్కాలి. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు, మూడు అంటే అసలు చేత కావడం లేదు. ఆదివారం మాత్రం ఇంకొకటి. కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకొని, అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టి ఎక్కించాలి. ఇక్కడ నొక్కిందంతా అక్కడ డాక్టరమ్మ కంప్యూటర్‌లో ఒక గీతగా కనిపిస్తుంది. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అక్కకు తెలుగే కూడబలుక్కొని చదవడం వస్తుంది, బావకు అదీ రాదు. నేను చూసుకుంటానన్నాను.

'మా తమ్మునికి కంప్యూటర్ల ఎక్కిచ్చుడే పని మేడం' అంది అక్క, డాక్టరమ్మతో. ఆ మాటలో ఉన్న గర్వం నాకు ఇంకా చెవుల్లో ఉంది.

మొదటి ఐదారు నెలలు ఒక్కరోజు తప్పలేదు. పొద్దున ఏడింటికి ఫోన్ మోగగానే బావ నంబరుకు చేసేవాణ్ణి. బావ అక్కకు ఇచ్చేవాడు. నేను ఒక్కో ప్రశ్న అడిగేవాణ్ణి, అక్క జవాబులు ఎప్పుడూ ఒక అంకెలో ఇమిడేవి కావు. 'దువ్వుకున్న గని ఎన్కకు పోలేదు చెయ్యి, పక్కకే జడేసుకున్న' అనేది. దానికి ఒకటి నొక్కాలా రెండు నొక్కాలా అని నేను ఆలోచించేవాణ్ణి, మళ్ళీ అడిగేవాణ్ణి. ఆదివారాలు బస్సెక్కి పోయేవాణ్ణి. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసి, కదలకుండా దాని వెనక కాళ్ళు బావ పట్టుకొని కూర్చుంటే, నేను ఫోన్‌లో టైము చూస్తూ లెక్కపెట్టేవాణ్ణి. మొదటి ఆదివారం నాలుగుసార్లు లేచింది. సంక్రాంతి దాటేసరికి తొమ్మిది. తొమ్మిది అనగానే అక్క కుర్చీలో కూలబడి, ఆయాసంలోనే నవ్వి, ఇంకొకసారి లేద్దునా అని అడిగింది. మందులకు ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది. ఆ ముఖం చూసి ఊళ్ళోవాళ్ళు బాగా తేరుకుందనేవాళ్ళు. నేను ఫోన్‌లో గీత చూసేవాణ్ణి. గీత కిందికి దిగుతోంది. దిగడమంటే మంచిది.

ఎండాకాలం వచ్చింది, యాసంగి వరి కోతలు మొదలయ్యాయి. కోతల కాలంలో మా మిల్లు ముందు ట్రాక్టర్లూ లారీలూ రోడ్డు దాకా నిలబడతాయి. మహారాష్ట్ర వైపు లారీల డ్రైవర్లు మరాఠీలో, రైతులు మన మాటలో, ఎవరి తొందర వాళ్ళది. పొద్దున ఆరున్నరకే కాంటా మొదలుపెట్టేవాళ్ళం. ఒకరోజు ఏడింటికి ఫోన్ మోగేటప్పటికి కాంటా మీద బండి ఉంది, కిటికీ బయట నలుగురు చీటీల కోసం చేతులు చాపి ఉన్నారు. నిన్నటి అంకెలు గుర్తున్నాయి. అవే నొక్కాను. మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేసి, ఏమైనా తేడా ఉంటే మార్చుదామనుకున్నాను. మధ్యాహ్నం మర్చిపోయాను.

మర్నాడు కూడా అంతే. మూడో రోజు ఫోన్ చేశాను. అక్క బాగానే ఉన్నానంది. దాంతో నాకు ధైర్యం వచ్చింది. నేను నొక్కినవి తప్పేమీ కావన్నమాట అనుకున్నాను. నాలుగో రోజు నుంచి ఫోన్ చేయడం మానేశాను. రాత్రి పని ముగించి ఇంటికి వచ్చి కాళ్ళు చాపుకొన్నప్పుడు, అక్కకు చేశావా అని నా భార్య అడిగేది. ఐంది అనేవాణ్ణి. నిజంగానే ఐనట్టే చెప్పేవాణ్ణి.

ఆదివారాలు కూడా మిల్లు నడిచింది. కుర్చీ లెక్కకు మొదటి వారం పది రాశాను. రెండో వారం పదకొండు. మూడో వారం మళ్ళీ పది. వరసగా ఒకే అంకె రాస్తే అనుమానం వస్తుందని అలా మార్చి రాశాను. నన్ను ఈ రోజుకీ కుదురుగా నిద్రపోనివ్వనిది ఇదే. మర్చిపోవడం వేరు, బద్ధకం వేరు. ఆ పదీ పదకొండూ పదీ మాత్రం కూర్చుని ఆలోచించి రాసినవి. పదేళ్ళుగా కాంటా దగ్గర ఉన్నాను. బండి ఎక్కకుండా బరువు రాయమని ఎవరెవరో అడిగారు. ఒక్కసారి కూడా రాయలేదు. ఆ పేరు నాకు మిల్లులో ఉంది. మా అక్క విషయంలో మాత్రం బండి రాకుండానే బరువు రాశాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అక్క తనే ఫోన్ చేసింది. తను చేయడం అరుదు. ఎండ మండిపోతోంది, హమాలీలు తిండికి పోయారు, నాకు ఓ పది నిమిషాలు తీరిక దొరికింది. చేతులు బరువుగా ఉంటున్నాయని, పొద్దున లేవగానే తొడలు పట్టేసినట్టు ఉంటోందని చెప్పింది. ఫోన్‌లో ఏం వస్తోందని అడిగింది.

'ఫోన్ల అంతా మంచిగనే వస్తుందక్కా' అన్నాను. 'ఎండలకు అందరికట్లనే ఉన్నది. నువ్వేం ఫికర్ చెయ్యకు.'

'గట్లనా' అంది. 'సరే మరి. నువ్వు ఎండల తిరుగకు.'

అది ఒక్కటే నేను అడగకుండా ఆమె ఇచ్చిన జవాబు. దాన్ని కూడా ఎక్కించలేదు. ఆ సాయంత్రం కూర్చుని ఎక్కిస్తే మిగతా వారాల అంకెలతో పొసగదు. ఒక్కసారిగా గీత పైకి లేస్తే డాక్టరమ్మ ఫోన్ చేస్తుంది, నిన్నటిదాకా బాగుంది కదా అని అడుగుతుంది. ఏం చెప్పాలి? ఇంకో వారంలో కోతలు అయిపోతాయి, అప్పుడు పోయి అంతా సరిచూసుకుందాం అనుకున్నాను.

ఆ వారంలోనే డాక్టరమ్మతో వీడియోలో మాట్లాడాల్సిన రోజు వచ్చింది. హైదరాబాద్ ప్రయాణం తప్పుతుందని ఆమే అలా ఏర్పాటు చేసింది. నేను మిల్లు ఆఫీసులో, అక్క ఊళ్ళో. ఊళ్ళో సిగ్నల్ సరిగా లేక అక్క ముఖం ఆగిపోయింది, మాట తెగిపోతోంది. డాక్టరమ్మ నాతోనే మాట్లాడింది. గీత చాలా బాగుందని, ఇంత క్రమంగా రోజూ ఎక్కించేవాళ్ళు తన దగ్గర తక్కువ మంది ఉన్నారని మెచ్చుకుంది. ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం ఆ మాత్రల వల్లేనని, ఇక వాటిని సగానికి తగ్గిద్దామని చెప్పింది. నేను థాంక్యూ మేడం అన్నాను. మాత్రలు సగం చేయమని బావకు నేనే ఫోన్‌లో చెప్పాను.

పదిహేను రోజులు గడిచాయి. మిల్లు ముందు బండ్లు తగ్గలేదు, నేను ఊరికి పోలేదు. ఒక పొద్దున ఏడింటికి ఎప్పటిలాగే ఐదు అంకెలు నొక్కాను. మింగడం దగ్గర సున్నా. తొమ్మిదింటికి బావ ఫోన్ వచ్చింది. బావ నెమ్మది మనిషి, గొంతు పెంచడు. ఆ రోజు కూడా పెంచలేదు.

'మీ అక్కకు చాయ్ ముక్కులకెళ్ళి వస్తుంది. నిన్నటి సంది గుటక పడుతలేదు. కాలిపోతుంది ఒళ్ళు. దమ్ము ఎక్కువైతుంది. నువ్వు జెర రా.'

వాళ్ళు ఆటోలో వచ్చేసరికి నేను బాన్సువాడ దవాఖాన గేటు దగ్గర ఉన్నాను. అక్క బావ భుజం మీద తల వాల్చి ఉంది. తల నిలపడం లేదని అప్పుడు అర్థమైంది, మెడ కూడా పోయింది. నన్ను చూసి ఏదో అంది, మాట ముక్కులోంచి వచ్చింది, నాకు తెలియలేదు. అక్కడ ఆక్సిజన్ పెట్టి వెంటనే హైదరాబాద్ పంపించారు. అంబులెన్స్‌లో నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తిన్నది గొంతు దిగక ఊపిరితిత్తుల్లోకి పోయిందని, అందుకే జ్వరమని అక్కడ చెప్పారు. ముక్కులోంచి కడుపుకు గొట్టం వేశారు.

సాయంత్రం డాక్టరమ్మ నన్ను పిలిచింది. ముందు కంప్యూటర్ ఉంది, అందులో గీత ఉంది. నున్నగా, కింద, ఆ రోజు పొద్దుటి దాకా.

'ఇవాళ పొద్దున ఏడింటికి కూడా మింగడం బాగుందని ఉంది' అంది. 'రెండు గంటల్లో ఇంత మార్పు ఈ జబ్బులో రాదు. ఇంకేదో అయి ఉండాలి. మెదడు స్కాన్ చేయిద్దాం.'

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. బావ నా పక్కన నిలబడి ఉన్నాడు. సరే మేడం అన్నాను.

అక్కను స్కాన్‌కు తీసుకుపోయారు. వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి అందడం లేదు, మధ్యలో ఆపి, కూర్చోబెట్టి, మళ్ళీ పడుకోబెట్టారు. స్ట్రెచర్ తోస్తూ నేను వెంట నడిచాను. ఆ స్కాన్ అక్కర్లేదని ఆ గదిలో తెలిసింది నాకొక్కడికే. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అయితే మందు పనిచేయడం ఒక్కసారిగా మానేసిందేమో, పూర్తిగా వేరే మందుకు మారాలేమో అని డాక్టర్లు నలుగురు కూడి మాట్లాడుకున్నారు. ఆ కొత్త మందు ప్రమాదాలు రాసిన కాగితం బావ ముందు పెట్టి వేలిముద్ర అడిగారు. బావ నా వైపు చూశాడు, పెట్టాలా అని. చదివి చెప్పేవాణ్ణి నేనే కదా.

పెట్టొద్దన్నాను. ఆ కాగితం తీసుకొని డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాను. రెండో రోజు పొద్దున పదకొండు గంటలకు చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు. 'ఆ లెక్కలు నేను రాసినవి మేడం, అక్కను అడగలేదు' అన్న మాట గుర్తుంది. ఆమె తిట్టలేదు. కుర్చీ కొంచెం పక్కకు జరిపి, తెర నా వైపు తిప్పి, ఎప్పటి నుంచో చూపించమంది. నేను వేలు పెట్టి చూపించాను. నలభై మూడు రోజులు. మధ్యలో నిజంగా అడిగిన రోజు ఏదైనా ఉందా అంది. ఒకటుందని దాన్ని చూపించాను. అక్క తనే ఫోన్ చేసి ఏం చెప్పిందో కూడా చెప్పాను. ఆమె అవన్నీ రాసుకుంది.

'ఖాళీగా వదిలేసినా బాగుండేది' అంది చివరికి. 'రెండు రోజులు ఖాళీ ఉంటే మా దగ్గర నుంచి ఫోన్ వస్తుంది. పని ఎక్కువుండి ఎక్కించలేదంటే ఎవరూ ఏమీ అనరు. మీరు ఖాళీ కూడా ఉంచలేదు.'

మందు మార్చలేదు. పాత మందే పెద్ద మోతాదులో నరానికి ఎక్కించారు. మందు పనిచేయడం మానలేదు, అప్పటికే లేస్తున్న జబ్బు సగానికి తగ్గించడం వల్లే ముదిరింది. నేను మెచ్చుకోలు తీసుకొని తగ్గించిన సగం.

అక్కకు ఎప్పుడు చెప్పానంటే, ముక్కులో గొట్టం ఉండి ఆమె మాట్లాడలేని రోజుల్లో. అలా చెప్పడం పిరికితనమని నాకు తెలుసు. మంచం పక్కన కూర్చుని, దుప్పటి అంచు చూస్తూ, అంతా చెప్పేశాను. తలెత్తి చూస్తే ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. తర్వాత కళ్ళు మూసుకుంది. మూడు రోజులు నేను పక్కకు రాగానే కళ్ళు మూసుకునేది, బావ వస్తే తెరిచేది. బావకు నేను చెప్పలేదు. అక్క చెప్పిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

గొట్టం తీసేసిన రోజు స్పూనుతో గంజి తాగించారు. మెల్లగా మింగింది. దగ్గు రాలేదు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. బావ గిన్నె కడగడానికి బయటికి పోగానే నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. గొంతు ఇంకా గాలిలాగే ఉంది.

'చేతులు లేస్తలేవని నాకు తెల్వదా' అంది. 'తెల్సు. గని నువ్వు ఫోన్ల మంచిగ వస్తుందంటివి. డాక్టరమ్మ గోలీలు తక్కువ చేసింది. గంత సదువుకున్నోళ్ళు, గంత పెద్ద మిషిను చూసి మంచిగున్నదంటుంటే, ఇగ నా ఒళ్ళే అబద్ధమాడుతుంది గావచ్చు అనుకున్న తమ్మీ. సోమరిదాన్నైతున్న అనుకున్న. అందుకే ఇంట్ల పనంత మల్ల నేనే చేసిన.'

క్షమించమని అడగాలనిపించింది. అడిగితే ఆమె సరే అనాల్సి వస్తుంది, ఆ బరువు కూడా ఆమె మీద వేయడమే అవుతుందని ఊరుకున్నాను. ఊరుకోవడం సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

నెల దాటాక ఇంటికి పంపారు. బాన్సువాడలో వ్యాయామం చేయించే ఒకాయన దగ్గరికి వారానికి మూడుసార్లు తీసుకుపోయేవాణ్ణి. మిల్లులో సెలవు అడిగితే, సీజన్ అయిపోయింది కదా, పో అన్నారు. సీజన్‌లో అడిగినా ఇచ్చేవాళ్ళేమో. నేను అడగనే లేదు. అక్క కర్ర పట్టుకొని నడవడం మొదలుపెట్టింది. చేతులు చెవుల దాకా లేస్తున్నాయి, ఆపైకి లేవవు. నాట్లకు ఇక పోలేదు. ఆమె గుంపును వేరే ఆమె నడిపిస్తోంది. ఆ నలభై మూడు రోజులు లేకపోయినా ఇలాగే అయ్యేదా అని డాక్టరమ్మను ఒకసారి అడిగాను. చెప్పలేనంది. అబద్ధం చెప్పి నన్ను ఊరడించలేదు.

యాప్ ఇప్పుడు నా ఫోన్‌లో లేదు. అక్క అడిగి మరీ తీయించింది. తనకొక ఫోన్ కొనిపించుకొని, దాంట్లో ఎక్కించమంది. ఇంగ్లీషు ఎలా చదువుతావని అడిగాను.

'ఐదు సవాళ్ళే గద. మొదటిది దువ్వెన, రెండోది కుర్చీ, మూడోది మెట్లు, నాలుగోది గుటక, ఐదోది అలసట. రోజు గదే వరుస గద? అంకెలొస్తయి నాకు' అంది.

ఒక మధ్యాహ్నమంతా ఆమె పక్కన కూర్చుని నేర్పాను. ఎన్నో ప్రశ్న దగ్గర ఉన్నామో తెర మీద చిన్న అంకె ఉంటుంది, దాన్ని చూపించాను. నాలుగుసార్లు తప్పు నొక్కింది, ఐదోసారి తప్పలేదు. కుర్చీ పరీక్ష దగ్గరికి వచ్చేసరికి నన్ను లేచి కుర్చీలో కూర్చోమంది. చేతులు కట్టుకొని నేను లేచి కూర్చుంటుంటే తను టైము చూస్తూ లెక్కపెట్టింది. పదిహేడుసార్లు లేచాను. తర్వాత తను కూర్చుంది. కుర్చీ వెనక నేను పట్టుకున్నాను. ఐదు. ఆరోది సగంలో ఆగిపోయింది. ఆ సగాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఐదే నొక్కింది. నా ముఖం వైపు చూడలేదు.

ఆమె సొంతంగా ఎక్కించడం మొదలుపెట్టాక కూడా నేను రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తున్నాను. ఒంటి సంగతి అడగను. అడిగే హక్కు పోయిందని నాకనిపిస్తుంది. కూర ఏం చేశారు, కాలువ నీళ్ళు వచ్చాయా, గేదె ఈనిందా, ఇలాంటివే. కొన్ని రోజులు మాట్లాడుతుంది, కొన్ని రోజులు ఫోన్ ఎత్తదు. ఎత్తని రోజు ఎనిమిదింటికి మళ్ళీ చేస్తాను, అప్పుడూ ఎత్తకపోతే మిల్లులో ఎవరిదైనా బైకు తీసుకొని బయల్దేరుతాను. రెండుసార్లు అలా పోయాను. రెండుసార్లూ ఆమె స్నానానికి పోయి ఉంది. నన్ను చూసి, మిల్లు లేదా అని మాత్రం అడిగింది.

మొన్న వానాకాలం మధ్యలో ఒక ఆదివారం పోతే, గూట్లో మాత్రల పట్టీలు ఎక్కువ కనిపించాయి. ఒకటి ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి. బావను అడిగాను. పదిరోజుల కింద అక్కకు తొడలు పట్టేసినట్టయ్యాయట. ఆ పొద్దున రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ రెండేసి నొక్కిందట. మర్నాడు కూడా అవే నొక్కిందట. ఆ సాయంత్రమే హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది, బాన్సువాడలో రక్తం పరీక్ష చేయించమన్నారు, మాత్రలు పెంచారు. నాలుగైదు రోజుల్లో అణిగిపోయింది. ఇప్పుడు మళ్ళీ తగ్గిస్తున్నారు. అక్కా బావా బాన్సువాడ దాకా వచ్చి, రక్తం ఇచ్చి, మా ఇంటికి రాకుండానే బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ పదిరోజులూ అక్క పొద్దున్నే నాతో గేదె గురించీ వానల గురించీ మాట్లాడుతూనే ఉంది.

అక్క అరుగు మీద కుర్చీలో కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

'నాకు ఒక్కమాటన్న చెప్పకపోతివి అక్కా.'

తల ఎత్తలేదు. ఒక రాయి ఏరి పక్కకు వేసింది. 'చెప్పెటోళ్ళకు చెప్పిన తమ్మీ' అంది.

గొంతులో కోపం లేదు. దెప్పుతున్నట్టు కూడా లేదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. పక్కనున్న స్తంభానికి ఆనుకొని ఆమె వేళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. కణుపుల మీద మచ్చలు లేవు. కాసేపటికి బావను పిలిచి, పప్పు ఉన్నది, తమ్మునికి అన్నం పెట్టమంది. బావ పెడితే తిన్నాను. మళ్ళీ వడ్డించమని కూడా చెప్పింది. నాలుగింటి బస్సుకు బాన్సువాడ వచ్చేశాను.